బస్సెక్కడానికి నిలబడని మనిషి

1978లో నేను మదనపల్లె నుంచి కుప్పం పోయే ప్రైవేటు బస్సుకు డ్రైవర్ని. పొద్దున మదనపల్లెలో బయల్దేరితే పుంగనూరు, పలమనేరు, వి.కోట, శాంతిపురం దాటుకుని మధ్యాహ్నం భోజనాల వేళకు కుప్పం చేరేవాళ్లం. అక్కడ ఇంజను చల్లారేదాకా ఆగి, మళ్లీ అదే దారిన వెనక్కి. నా పేరు రెడ్డెప్ప. పుట్టింది సదుం దగ్గర పల్లెలో, కాపురం పుంగనూరులో. బస్సు ఓనరుదీ పుంగనూరే. కండక్టరు ఖాదర్ వలీ నాకంటే కాస్త పెద్దవాడు. ఆయన్ని భాయ్ అని పిలిచేవాణ్ని. ఒకే బండి మీద మాది చాలా ఏళ్ల జత.

డ్రైవరు పని అనగానే అందరూ గేర్లు, బ్రేకులు, ఘాటు మలుపుల సంగతే అడుగుతారు. ఆ రోజుల్లో బండికి డబుల్ డిక్లచ్ చెయ్యాలి. అంటే ఒక్క గేరు మార్చడానికి క్లచ్చి రెండుసార్లు తొక్కాలి. తొక్కకపోతే గేరుబాక్సు పళ్లు కొరుకుతుంది. ఈ విద్య కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. ఏళ్లు పట్టేది ఇంకొకటి ఉంది. రోడ్డు పక్కనున్న మనిషి మరుక్షణం ఏం చెయ్యబోతున్నాడో ముందే కనిపెట్టడం.

మా రూటులో సగం రిక్వెస్ట్ స్టాపులే. టైం టేబులులో ఉండవు. ఎవరైనా చెయ్యెత్తితే ఆపాలి, లేకపోతే సాగిపోవాలి. చెట్టు కింద నలుగురు నిలబడి ఉంటే, ఎక్కేదెవరో, ఊరికే నీడకు నిలబడిందెవరో దూరం నుంచే తెలియాలి. ఎక్కే మనిషి మొదట బస్సు నొసటి మీది బోర్డు చూస్తాడు, ఆ తర్వాత తలుపు చూస్తాడు. మూట ఉంటే చంకలోకి ఎగదోసుకుంటాడు. దుమ్ము లేచేసరికి ఒక అడుగు వెనక్కి వేసి, బండి ఆగబోతుండగా మళ్లీ ముందుకొస్తాడు. రోడ్డు దాటాలనుకున్న ముసలమ్మ, కాలు కదపకముందే కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుంటుంది. మేం వీటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూడం. చూపు పడగానే లోపల ఎక్కడో తేలిపోతుంది. చెయ్యి హారను మీదికో, కాలు బ్రేకు మీదికో తనంతట తనే పోతుంది.

ఆ వేసవిలో ఒక రోజు శాంతిపురం దాటి కుప్పం వైపు పల్లంలో దిగుతున్నాం. రెండు పక్కలా చింతచెట్లు. బస్సు నిండా జనం. ఖాదర్ భాయ్ సీట్ల మధ్య నిలబడి టికెట్లు కొడుతున్నాడు. ఎడమపక్క ఒక చెట్టు మొదట్లో ఒక మనిషి, నడుము వంచి, ఎడమచెయ్యి కడుపు మీద అదుముకుని కనిపించాడు. ఎక్కే మనిషే అనుకుని గేరు తగ్గించబోయాను.

అంతలో అతను నిటారుగా లేచాడు. కడుపు మీది చెయ్యి జారి పక్కకు వాలింది. బోర్డు చూడలేదు. తలుపు చూడలేదు. నా వైపూ చూడలేదు. అతని చూపు ముందు చక్రానికి కాస్త అవతలనున్న రోడ్డు మీద ఉంది. మడమ పైకి లేచింది.

ఇప్పుడు ఇన్ని మాటల్లో చెబుతున్నాను గానీ, అప్పుడు ఒక్క మాట కూడా మనసులో అనుకోలేదు. నాకు తెలిసేటప్పటికే కుడికాలు బ్రేకును అడుగుదాకా తొక్కేసింది, చేతులు స్టీరింగును కుడికి తిప్పేశాయి. బస్సు రోడ్డుకు అడ్డంగా జారి, కుడిపక్క గట్టు దిగి, దున్ని వదిలేసిన చేలోకి పోయి ఒక పక్కకు ఒరిగి ఆగింది. ఎదురుగా ఏ బండీ రాకపోవడం మా అదృష్టం.

దుమ్ము, కేకలు, పసిబిడ్డల ఏడుపు. నేను తల తిప్పి రోడ్డు వైపు చూశాను. ఆ మనిషి సరిగ్గా మా బస్సు పోవలసిన చోట, రెండు చేతులూ వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. కాసేపు అట్లాగే ఉండి, మళ్లీ వంగిపోయి, కడుపు పట్టుకుని, మల్బరీ తోటల మధ్య బాటన నడిచి వెళ్లిపోయాడు. పిలుద్దామని నోరు తెరిచేలోపు వెనక నుంచి ఖాదర్ భాయ్ అరుపు వినిపించింది.

"యా అల్లా! నా చెయ్యి పోయింది రెడ్డెప్పా!"

సీటు కమ్మీకి కొట్టుకుని ఆయన ముంజేయి విరిగింది. మిగతావాళ్లకు దెబ్బలు చిన్నవే. ఒకాయన పెదవి చిట్లింది, ఇద్దరు ముగ్గురికి మోకాళ్లు గీసుకుపోయాయి. అందర్నీ దింపాక జనం నన్ను చుట్టుకున్నారు.

"నిద్ర పోయినావా ఏందప్పా? ఎదురుగా పురుగు కూడా లేదే! యాల తిప్పినావు?" అన్నాడు పెదవి చిట్లిన పెద్దమనిషి.

"ఆ చెట్టుకాడి మనిషి అడ్డం పడబోయినాడు" అన్నాను.

"ఎవురు, ఆడ నిలబడుకోనుండిన ఆయప్పా? బస్సు ఆపమని ముందుకొచ్చినాడు గదా! నేను ముందు సీట్లోనే ఉండాను. చెయ్యెత్తినాడు కూడా. బస్సాపాలంటే ఎవురైనా రోడ్డు మీదికి రాకుండా ఇంట్లో కుచ్చుంటారా?"

చుట్టూ ఉన్నవాళ్లందరూ అవునన్నారు. చెయ్యెత్తడం తామూ చూశామన్నారు ఇంకో ఇద్దరు. నేను మాత్రం ఎత్తిన చెయ్యి చూడలేదు. వాలిన చెయ్యి చూశాను.

వచ్చే లారీని ఆపి ఖాదర్ భాయ్‌ని ఎక్కించి పంపాను. తర్వాత ఆయన పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చాడు. విరిగిన ఎముకలకు వెదురు దబ్బలు పెట్టి కట్టే ఆ కట్టు అంటే మా జిల్లాలో అందరికీ గురి. దెబ్బలు తగిలినవాళ్లెవరూ పోలీసుల దాకా పోలేదు. కానీ డ్రైవరు కునుకు తీశాడన్న మాట మాత్రం మా బస్సు ఎక్కేవాళ్లందరికీ చేరింది.

ఓనరును మేమంతా పెద్దాయన అనేవాళ్లం. అరిచే మనిషి కాదు. బస్సు నిలిపే షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని నన్ను పిలిచాడు.

"నిజం సెప్పప్పా. నేనేమీ అనను. కునుకు పట్టిందా?"

"లేదు సామీ."

"ఆ మనిషి బస్సుకు తగిలినాడా?"

"లేదు."

"కింద పడినాడా?"

"లేదు సామీ. పడతాడనిపించింది."

"అనిపించిందా?" అని ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇంతమందిని ఎక్కించుకోని, అనిపించిందని బండిని చేలో దించుతారా రెడ్డెప్పా? నీ పొట్ట నేను కొట్టను. షెడ్డులో పని చేసుకో. స్టీరింగు మాత్రం ఇప్పుడు నీ చేతికి ఇయ్యలేను."

ఆయన మాటలో తప్పు లేదు. నేను ఆయన కుర్చీలో ఉన్నా అదే అనేవాణ్ని. షెడ్డులో నట్లు బిగిస్తూ, చక్రాలు విప్పుతూ ఉంటే మెల్లమెల్లగా నాకే అనుమానం మొదలైంది. కునుకు తీసినవాడికి తాను కునుకు తీసినట్టు తెలియదు. అదే అందులోని ప్రమాదం. ఆ నిటారుగా లేవడం, ఆ మడమ, ఆ చూపు... ఇవన్నీ నేను చూసినవా, తర్వాత కల్పించుకున్నవా? అతని ముఖం గుర్తు చేసుకుందామంటే ఏమీ రాలేదు. గుర్తున్నది ఒంటి కదలికే.

ఒక సాయంత్రం ఖాదర్ భాయ్‌ని చూడటానికి వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని ఉన్నాడు.

"నిన్ను తిట్టుకోలేదనుకోవద్దు" అన్నాడు. "దండిగా తిట్టుకున్న్యా. తెలుగులో అయిపోయినాక మా బాసలో కూడా తిట్టుకున్న్యా."

"తిట్టు భాయ్. తిట్టాల్సిందే."

"అది అయిపోయింది లే. ఒక మాట అడగతా. నువ్వు సూసింది నిజమేనా?"

"ఆ పొద్దు నిజమే. ఇప్పుడు తెలీదు."

ఆయన చేతి కింద దిండు సర్దుకున్నాడు. "నేను ఈడ కుచ్చోని ఇదే ఆలోచన చేస్తాండా. నువ్వు సూసింది తప్పయితే నీ పని పోతాది. రైటయితే ఆ మనిషి ఇంకా యాడనో సావాలని తిరగతా ఉండాడు. ఇప్పుడు నన్ను యే దువా సెయ్యమంటావు, అల్లాను ఏమని అడగమంటావు? సెప్పు."

ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే, నాకు నిజంగా కునుకే పట్టి ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

ఆ తర్వాత షెడ్డులో సెలవు దొరికినప్పుడల్లా శాంతిపురం వైపు బస్సెక్కేవాణ్ని. టీ అంగళ్లలో, చెరుకురసం బండ్ల దగ్గర అడిగేవాణ్ని. "మనిషి ఎట్లుంటాడు?" అనేవాళ్లు. "ముఖం చూడలేదప్పా" అంటే నవ్వేవాళ్లు. వంగి నడుస్తాడు, ఎడమచెయ్యి కడుపు మీద ఉంటుంది అని చెబితే, "మా ఊర్లో సగం మంది అట్లనే నడస్తారు, సంగటి ఎక్కువైతే" అన్నాడొక పెద్దమనిషి. మల్బరీ తోటల బాటన పోయి రెండు పల్లెల్లో విచారించాను. అందరూ నన్ను ఎవరినో పట్టుకోవడానికి వచ్చినవాడిలా చూశారే గానీ ఎవరూ ఏమీ చెప్పలేదు.

చివరికి వెతుకుతున్న చోట కాదు, కుప్పంలో కనిపించాడు. సంత రోజు. జనం అంతా సంత వైపు పోతున్నారు. ఆ జనానికి ఎదురుగా, స్టేషను రోడ్డున, ఒక మనిషి వెళుతున్నాడు. నాకు కనిపించింది వీపే. ఎడమ మోచెయ్యి పక్కటెముకలకు అతికించినట్టు ఉంది. కాస్త దూరం నడవడం, ఆగడం, తువ్వాలు సర్దుకున్నట్టు చేసి ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ నడవడం. ఆ నడక చూడగానే నా కుడికాలు చెప్పులోనే నేలను గట్టిగా నొక్కింది. అక్కడ బ్రేకు లేదు, బస్సు లేదు. అయినా కాలికి తెలిసింది, అతనే.

వెనకే వెళ్లాను. అతను స్టేషనులోకి పోయి, టికెట్టు కిటికీ దాటి, ప్లాట్‌ఫారం చివరికంటా నడిచి, అది పల్లమై మట్టిలో కలిసే చోట కూర్చున్నాడు. అక్కడ ఎవరూ లేరు. నేను పోయి పక్కన కూర్చున్నాను. సన్నటి మనిషి, ముప్పై అయిదు దాటి ఉండవు. బుగ్గలు పీక్కుపోయాయి.

"యాడికప్పా పోతాండావు?" అన్నాను.

"యాడికీ లే."

"బండి కోసరమా?"

అతను పట్టాల వైపు తిరిగి కూర్చున్నాడు.

"నేను డ్రైవర్ని. శాంతిపురం దాటినాక చేలోకి దిగిన బస్సు నాదే" అన్నాను.

అప్పుడు నా వైపు తిరిగాడు. అతను మొదట అడిగిన మాట నేను ఇప్పటికీ మర్చిపోలేను.

"ఎవురికన్నా ఏమన్నా అయ్యిందా?"

"కండక్టరుకు చెయ్యి ఇరిగింది. కట్టు కట్టినారు. బాగుండాడు."

తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "బస్సు నిండా మనుషులుంటారని నాకు తోచలేదప్పా. నొప్పి తప్ప ఇంకేమీ తోచలేదు."

అతని పేరు మునెప్ప. పట్టుపురుగులు పెంచుకునే కుటుంబం. రెండేళ్లుగా కడుపులో నొప్పి. ఏదైనా తింటే కత్తితో కోసినట్టు ఉండేది, తినకపోతే మంట. ఆకుపసర్లు తాగాడు, సూదులు వేయించుకున్నాడు, దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకున్నాడు. తగ్గలేదు. పైకి గాయం కనిపించని నొప్పిని ఎన్నాళ్లు నమ్ముతారు? అన్నదమ్ములు పని దొంగ అన్నారు.

"ఆ పొద్దు చెట్టు కింద నొప్పి తగ్గేదాకా నిలబడుకున్న్యా. బస్సు శబ్దం వినబడింది. ఇంక సాలు అనుకున్న్యా. అట్ల అనుకునేసరికి నొప్పి పోయినట్లే అయింది."

"అందుకేనా నిటారుగా లేసినావు?"

"లేసినానా?" అన్నాడు ఆశ్చర్యంగా. అతనికే తెలియదు.

అంతలో పట్టాలు సన్నగా మోగడం మొదలైంది. ఆగని గూడ్సు బండి. మునెప్ప లేవలేదు. కానీ అతని అరికాళ్లు నేల మీద సర్దుకున్నాయి, వీపు మెల్లగా నిటారవుతోంది. నా చెయ్యి పోయి అతని మణికట్టు పట్టుకుంది. బండి మా ముందు నుంచి పెట్టె తర్వాత పెట్టెగా పోయింది. చివరి పెట్టె దాటాక కూడా నేను చెయ్యి వదల్లేదు.

"యాల పట్టుకున్న్యావు? నేను లేయనే లేదే" అన్నాడు.

"ఏమో. తెలీదు. నువ్వు లేద్దామనుకున్న్యావా?"

అతను బండి పోయిన వైపు చూశాడు. "ఈడికి యాల వచ్చినానో నాకే సరిగ్గా తెలీదప్పా." తన మణికట్టు వైపు చూసుకుని, "పట్టుకున్న్యావు. మేలు సేసినావు" అన్నాడు.

మదనపల్లెలో పెద్ద ఆస్పత్రి ఉందని, నేను వెంట వస్తానని చెప్పాను.

"ఆడ కడుపు కోస్తారంట" అన్నాడు.

"కోసినోళ్లే కుడతారు గదా."

అతని ముఖం మీద నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

ముందు వాళ్ల పల్లెకు వెళ్లాం. మమ్మల్ని చూసి అతని భార్య లచ్చుమమ్మ గుమ్మంలోకి వచ్చింది. మునెప్ప పక్క గదిలో బట్టలు తీసుకుంటుండగా, బస్సు సంగతి, స్టేషను సంగతి చిన్నగా చెప్పాను. ఆమె గోడకు ఆనుకుంది. "మోకాళ్లు కడుపులో పెట్టుకోని తెల్లారిందాకా కుచ్చోనుంటాడన్నా. అది సూసిందాన్ని నేనొక్కదాన్నే. అందరూ నటిస్తాండాడంటే, నా మాట ఎవురు ఇంటారు?" అంది. బట్టలు మూటగట్టి, తలుపుకు గొళ్లెం పెట్టి మాతోపాటు బయల్దేరింది.

నేను రోజూ నడిపిన బస్సులోనే, ఇంకొకరు నడుపుతుంటే, ముగ్గురం మదనపల్లె చేరాం. ఆస్పత్రిలో డాక్టరమ్మ మునెప్ప కడుపు నొక్కి చూసి, బేరియం మీల్ తీయించింది. సున్నపు నీళ్లలాంటి తెల్లటి మందు తాగించి, అది లోపల ఎట్లా దిగుతుందో ఎక్స్‌రేలో చూసే పరీక్ష అది. కడుపు చివర పుండు పడి, దారి మూసుకుపోతోందని తేలింది. ఆపరేషన్ చేస్తేనే తగ్గుతుందని చెప్పింది. "ఈ నొప్పితో రెండేళ్లు పని చేశాడా?" అని లచ్చుమమ్మను అడిగింది. లచ్చుమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లచ్చుమమ్మ మాట నిజమని గట్టిగా చెప్పిన మొదటి మనిషి ఆ డాక్టరమ్మే.

ఆపరేషన్ రోజు పొద్దున్నే పుంగనూరు నుంచి ఖాదర్ భాయ్ కూడా వచ్చేశాడు, మెడలో గుడ్డకు చెయ్యి తగిలించుకుని. "నా చెయ్యి ఇరగ్గొట్టిన మనిషిని సూడొద్దా?" అన్నాడు. వరండాలో ముగ్గురం కూర్చున్నాం. లచ్చుమమ్మ ఆ తలుపు మీద నుంచి చూపు తిప్పలేదు. తలుపు తీసుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. ఆమె నోరు విప్పకముందే నేను లేచి నిలబడి, "బాగుండాడమ్మా" అన్నాను లచ్చుమమ్మతో.

డాక్టరమ్మ నన్ను వింతగా చూసింది. "అవును, బాగున్నాడు. పుండు ఒక్కటే, ఇంకే చెడ్డ జబ్బూ లేదు. నీకెట్లా తెలిసింది?"

"మీ భుజాలు దించుకోని వచ్చినారమ్మా. నడక తేలిగ్గా ఉండాది."

లచ్చుమమ్మ అక్కడికక్కడే కూలబడి ఏడ్చింది. అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు. ఖాదర్ భాయ్ మంచి చేత్తో కళ్లు తుడుచుకుంటూ, "సుక్ర్ హై, సుక్ర్ హై" అని అల్లాకు మొక్కుకుంటూ గొణుక్కున్నాడు. నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. ఎన్నాళ్లనుంచో మెడ మీద ఉన్న బరువు ఎవరో ఎత్తి కింద పెట్టినట్టుంది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ రోగుల్ని చూసి వస్తూ మా దగ్గర ఆగి, డ్రైవరుకూ ఈ రోగికీ ఏం సంబంధమని అడిగింది. జరిగిందంతా చెప్పాను. నాకే నమ్మకం లేని సంగతి కూడా చెప్పాను. ఆ మనిషి కదలకముందే నా కాలు బ్రేకు మీద ఎట్లా పడింది?

ఆమె నవ్వలేదు. "పసిబిడ్డకు తినిపించే తల్లిని ఎప్పుడైనా చూశావా? చెయ్యి లేవగానే బిడ్డ నోరు తెరుస్తుంది. ముద్ద దగ్గరికి వచ్చేదాకా ఆగదు. తినిపించే తల్లి కూడా, తెలియకుండానే, తన నోరు తెరుస్తుంది. ఎదుటి మనిషి మొదలుపెట్టిన కదలికను మన మెదడు మన ఒంట్లోనే పూర్తి చేసుకుంటుంది. అందరూ చేసే పనే. నువ్వు రోడ్డు పక్కన నిలబడ్డ మనుషుల్ని ఏళ్ల తరబడి చూశావు. వాళ్లు ఎట్లా నిలబడతారో, ఎట్లా కదులుతారో నీ మెదడుకు అలవాటు. ఆ అలవాటుకు పొసగని మనిషి ఒకడు కనబడగానే పట్టేసింది. అది ఎట్లా జరుగుతుందో మాకూ పూర్తిగా తెలియదు."

"మరి అందరూ చెయ్యెత్తినాడన్నారు గదమ్మా?" అన్నాడు ఖాదర్ భాయ్.

"వాళ్లు అబద్ధం చెప్పలేదు. చెట్టు కింద మనిషి, వస్తున్న బస్సు. మిగిలింది చెయ్యెత్తడమే కదా. వాళ్ల మెదళ్లు దాన్ని పూర్తి చేశాయి. ఈ పని చేసే మెదడే పొరపాటు కూడా పడుతుంది" అని ఆమె వెళ్లిపోయింది.

ఒకరు పని చేస్తుంటే ఊరికే చూస్తున్నవాళ్ల మెదడులోనూ, ఆ పని చేయించే భాగాలు కొంత కదులుతాయని ఈమధ్య చదివాను. చదివినప్పుడు నాకు శాస్త్రం కంటే ఆ తల్లీబిడ్డల మాటే గుర్తొచ్చింది.

మునెప్పను ఇంటికి పంపే రోజు, దారిలో పుంగనూరులో మా ఇంట్లో ఆపాను. డాక్టరమ్మ ఒప్పుకున్నదే, మెత్తగా కెలికిన రాగిసంగటి కొంచెం, పప్పునీళ్లు. మునెప్ప ముద్దను చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. రెండేళ్లుగా ప్రతి ముద్దా అతన్ని కొట్టింది, భయం ఎక్కడికి పోతుంది? చివరికి నోట్లో పెట్టుకుని మింగి, కళ్లు మూసుకుని కాచుకున్నాడు. మేమూ కాచుకున్నాం. చూద్దును కదా, నా భార్య, ఖాదర్ భాయ్, లచ్చుమమ్మ, ముగ్గురూ నోళ్లు తెరుచుకుని ఉన్నారు. నా నోరూ తెరిచే ఉండి ఉంటుంది.

మునెప్ప కళ్లు తెరిచాడు. "ఏమీ కాలే" అన్నాడు. రెండో ముద్ద పెట్టుకున్నాడు. "ఏమీ కాలేదే!" అని లచ్చుమమ్మ వైపు చూసి గట్టిగా నవ్వాడు.

అన్నం తిన్నాక అతనే అడిగాడు, ఓనరు ఇల్లెక్కడని. నేను వద్దన్నాను. ఆ రోజుల్లో ప్రాణం తీసుకోబోవడం కూడా నేరమే. పైగా నలుగురిలో చెప్పుకోవలసిన సంగతి కాదు. అతను వినలేదు. పెద్దాయన ముందు నిలబడి, దాచుకోకుండా అంతా చెప్పాడు.

పెద్దాయన అడిగాడు. "చెయ్యెత్తినావా?"

"ఎత్తలేదు సామీ. బస్సెక్కేదానికి నేను నిలబడనే లేదు."

"నువ్వు రాకపోయినా అడిగేవాళ్లు లేరు. యాల వచ్చినావు?"

"ఈయప్పకు నిద్ర పట్టిందని అంటాండారంట సామీ. ఈయప్పకు నిద్ర పట్టుంటే నేను ఈడ నిలబడుకోని ఉండను."

పెద్దాయన లేచి వచ్చి మునెప్పను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మంచినీళ్లు తెప్పించాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "పొద్దున బండి తియ్యప్పా" అన్నాడు. అంతే అన్నాడు. బయటికి వచ్చాక ఖాదర్ భాయ్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "నీ స్టీరింగు వచ్చేసింది. నా చెయ్యి వచ్చేదాకా ఇంకో కండక్టరును బాగా సూసుకో. కానీ వాడితో ఎక్కువ మాట్లాడొద్దు, నాకు మనసు కాలతాది."

ఆ తర్వాత మునెప్ప మా బస్సులో ఎన్నోసార్లు ఎక్కాడు. అందరిలాగే బోర్డు చూసి, తలుపు చూసి, దుమ్ముకు ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చి ఎక్కేవాడు. దూరం నుంచి ఆ నిలబడ్డ తీరు చూస్తేనే నాకు తృప్తిగా ఉండేది.

తర్వాతి ఏళ్లలో కొత్త డ్రైవర్లు నా దగ్గర పని నేర్చుకున్నారు. వాళ్లకు భుజాలు చూడమని, పాదాలు చూడమని, చూపు ఎటుందో చూడమని చెప్పేవాణ్ని. వాటిని ఎవరైనా కాలక్రమాన నేర్చుకుంటారు. నేను గట్టిగా పట్టుబట్టి నేర్పింది ఇంకొకటి. ఒక మనిషిని చూసి లోపల ఏదో కలుక్కుమంటే, బ్రేకు తొక్కడంతో మన పని అయిపోదు. కాలికి తెలిసింది రైటో తప్పో మనకు తెలియదు. బండి పక్కకు ఆపు. దిగు. ఆ మనిషి దగ్గరికి పోయి, "యాడికప్పా పోతాండావు? బాగుండావా?" అని నోరు తెరిచి అడుగు. నేనూ అట్లాగే చేసేవాణ్ని.

పది మందిలో తొమ్మిది మంది తిట్టేవాళ్లు. "నేను యాడికి పోతే నీకెందుకప్పా, పో, బండి తోలుకో" అనేవాళ్లు. బస్సులో జనం నవ్వేవాళ్లు, ఖాదర్ భాయ్ టైమైపోతోందని ఈల వేసేవాడు. నేను తిట్లు తిని, వచ్చి సీట్లో కూర్చుని గేరు వేసేవాణ్ని. అట్లా తిట్టించుకుని బయల్దేరిన ప్రతిసారీ నా ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అంత గట్టిగా తిట్టాడంటే ఆ మనిషి బాగున్నట్టే.